గిటారు తీగ, కిన్నెర మెట్టు: రాక్ సంగీతపు జానపద మూలాలపై అవగాహన

ఎందుకు చదవాలి?

గ్రూప్-1 అయినా గ్రూప్-2 అయినా జనరల్ స్టడీస్ సిలబస్‌లో ‘తెలంగాణ సమాజం, సంస్కృతి, వారసత్వం, కళలు, సాహిత్యం’ అనే అంశం ఉంటుంది. అశోక్‌నగర్ జిరాక్స్ సెంటర్లలో దొరికే నోట్సులో ఇది ఎక్కువగా ఒక పట్టికగా కనిపిస్తుంది. ఒకవైపు కళారూపం, ఎదురుగా దాన్ని ప్రదర్శించే కులం. ఒగ్గుకథకు కురుమలు, చిందు యక్షగానానికి చిందు మాదిగలు, కిన్నెరకు డక్కలివాళ్లు. ప్రిలిమ్స్‌లో జతపరచమంటే ఈ పట్టిక చాలు. మెయిన్స్‌లో ‘ఆధునిక సంగీతంపై జానపద కళల ప్రభావాన్ని సోదాహరణంగా చర్చించండి’ అంటే మాత్రం పట్టిక మొదటి పేరాతోనే అయిపోతుంది. మిగతా పేజీ అంతా ‘జానపదం మన ఆత్మ, మన శ్వాస’ లాంటి మాటలతో నిండుతుంది. అలాంటి జవాబుకు మార్కులు పడవు, పడకూడదు కూడా.

ఈ వ్యాసంలో ఒక్క ప్రశ్ననే పట్టుకుందాం. గిటారు పట్టిన కళాకారుడు జానపదం నుంచి సరిగ్గా ఏం తీసుకుంటాడు? వాయిద్యమా, లయా, కథా, గొంతా? ఎవరి దగ్గర తీసుకున్నాడు? ఆ మనిషి పేరు చెప్పగలిగినప్పుడే అది జవాబు అవుతుంది.

రాక్ గిటారు వెనక ఉన్నవాళ్లు

రాక్ అనగానే పెద్ద స్పీకర్లు, ఎలక్ట్రిక్ గిటారు, జుట్టు పెంచిన కుర్రాళ్లు గుర్తుకొస్తారు. వాళ్లకంటే ముందు ఆ పాటలు పాడినవాళ్లు పత్తి చేలల్లో కూలీలు, జైళ్లలో ఖైదీలు. 1934లో జాన్ లోమాక్స్ అనే సేకర్త అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, ఒక జైలు పొలంలో ఖైదీలు పాడుతున్న ‘రాక్ ఐలండ్ లైన్’ పాటను రికార్డు చేశాడు. అప్పుడు ఆయన వెంట ఉన్న లెడ్ బెల్లీ అనే నల్లజాతి గాయకుడు ఆ పాటను పట్టుకుని పన్నెండు తీగల గిటారు మీద పాడుతూ తిరిగాడు. 1950ల మధ్యలో లోనీ డానెగన్ అదే పాటను లండన్‌లో పాడితే ఇంగ్లండ్ కుర్రాళ్లు ఎగబడి గిటార్లు కొన్నారు. ఆ గాలి తగిలిన పిల్లల్లో జిమ్మీ పేజ్ ఒకడు. పదమూడేళ్లకే బీబీసీ పిల్లల కార్యక్రమంలో గిటారుతో కనిపించాడు. 1968లో లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ పెట్టాడు.

పేజ్ వాయించిన ‘బ్లాక్ మౌంటెన్ సైడ్’ను కొంచెం దగ్గరగా చూడాలి. 1969లో వచ్చిన లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బంలో ఉన్న ఈ గిటారు ముక్కకు వీరమ్ జసానీ తబలా వాయించాడు. దాని బాణీ ‘బ్లాక్‌వాటర్‌సైడ్’ అనే పాత జానపద గీతానిది. ఆన్ బ్రిగ్స్ అనే జానపద గాయని ఆ పాటను బర్ట్ జాన్ష్ అనే గిటారిస్టుకు నేర్పింది. జాన్ష్ దానికి గిటారు నడక కట్టి 1966లో రికార్డు చేశాడు. పేజ్ ఆ నడకను ఎత్తుకున్నాడు. ఆల్బం మీద మాత్రం ఒక్క పేజ్ పేరే పడింది.

మడ్డీ వాటర్స్ కథ కూడా ఇదే దారిలో నడిచింది. 1941లో అలన్ లోమాక్స్, జాన్ వర్క్ మిసిసిపీలోని స్టోవాల్ పత్తి తోటకు వెళ్లి ఆయన పాటలు రికార్డు చేశారు. 1943లో ఆయన షికాగో వలస వెళ్లాడు. ఆ నగరపు రొదలో మామూలు గిటారు వినపడక ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. ఆయన 1950 నాటి పాట పేరునే రోలింగ్ స్టోన్స్ తమ బ్యాండ్‌కు పెట్టుకున్నారు. ఊరి పాట, వలస, కరెంటు గిటారు: రాక్ పుట్టిన వరుస ఇది.

ఈ ఉదాహరణలన్నిటిలో ముగ్గురు మనుషులు కనిపిస్తారు. పాడినవాడు, పట్టుకున్నవాడు, పేరు తెచ్చుకున్నవాడు. జవాబు రాసేటప్పుడు ఈ ముగ్గురినీ వేరువేరుగా చూపించండి.

మన దగ్గరి ఉదాహరణ

2021 సెప్టెంబర్ 2న ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట విడుదలైంది. సంగీతం తమన్, సాహిత్యం రామజోగయ్య శాస్త్రి. పాట ఎత్తుగడలో డ్రమ్ములు లేవు. ఒక ముసలి గొంతు, దాని పక్కన కిన్నెర తీగ, అంతే. ఆ గొంతు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యది. ఆ తర్వాతే బ్యాండ్ విరుచుకుపడుతుంది. మిగతా పాట పాడిన వాళ్లలో రామ్ మిరియాల ఉన్నాడు. హైదరాబాద్‌లో గిటారు, డ్రమ్ములతో తెలుగు పాట కట్టిన ‘చౌరస్తా’ బృందం నుంచి వచ్చిన గాయకుడు. ‘ఊరెళ్ళిపోతా మామ’ పాట ఆ బృందానిదే. 2020 మార్చిలో కరోనా జాగ్రత్తల మీద ఇంటింటా మోగిన పాట కూడా వాళ్లదే.

అంటే ఒకే పాటలో డక్కలి కిన్నెర, సిటీ బ్యాండ్ గొంతు ఎదురుపడ్డాయి. మన ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఈమధ్య కాలంలో నాకు కనిపించలేదు.

దీనికి ఒక పొరుగు ముడి కూడా ఉంది. ‘భీమ్లా నాయక్’ మలయాళ చిత్రం ‘అయ్యప్పనుం కోశియుం’ (2020)కు రీమేక్. ఆ మాతృకలో కేరళ అట్టప్పాడికి చెందిన ఇరుళ తెగ గాయని నంజియమ్మ పాడింది. ఆ పాటకు 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నేపథ్య గాయని అవార్డు అందుకుంది. కథ తెలుగులోకి వచ్చినప్పుడు ఆమె పాట రాలేదు, ఆ చోటు మన నేల కళాకారుడికి దక్కింది. జాతీయ స్థాయి పోలిక అడిగితే ఈ జంటను వాడండి.

కిన్నెర, దగ్గర నుంచి

కిన్నెర తీగ వాయిద్యం. పొడవాటి దండె, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండె మీద మెట్లు, మెట్ల మీదుగా తీగ. బుర్ర బోలుగా ఉంటుంది కాబట్టి తీగ కదలిక అందులో పెరిగి బయటికి వినిపిస్తుంది. గిటారు చెక్క డొల్ల చేసే పనే ఇది. మెట్టు మీద వేలు నొక్కితే మోగే తీగ పొడవు తగ్గి స్వరం పైకి వెళ్తుంది. ఇదీ గిటారుకున్న సూత్రమే. పూర్వం మెట్లకు అలుగు పొలుసులు వాడి తేనె మైనంతో అతికించేవారు. మొగిలయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. దాని మీద ఒక పక్షి బొమ్మ ఉంటుంది. వాయిస్తుంటే అది కూడా ఊగుతుంది. పిల్లలు ముందు దాన్ని చూసే దగ్గరికొస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గిటారు కిన్నెర నుంచి రాలేదు, కిన్నెర గిటారు నుంచి రాలేదు. రెండింటికీ వంశం కలపకండి. కలిసేది పనిలో. భుజానికి ఆన్చుకుని నడుస్తూ వాయించవచ్చు, ఒక్కడే పాడుతూ తనకు తానే తోడు వాయించుకోవచ్చు. గొంతు ఆగిన చోట తీగ అందుకుంటుంది. మిసిసిపీ బ్లూస్ గాయకుడి గిటారు చేసేదీ అదే. ఊరూరా తిరిగి కథ చెప్పి బతికే ఒంటరి గాయకుడికి ఎక్కడైనా ఇలాంటి వాయిద్యమే కావాలి.

డక్కలివాళ్లు మాదిగలను ఆశ్రయించి జీవించిన కళాకారులు. మాదిగల పుట్టుక చెప్పే జాంబ పురాణం వీళ్ల సొత్తు. అడుక్కునే హక్కు కూడా మాదిగ ఇళ్లకే పరిమితం. వర్తమానాంశాలతో కలిపి చదవాలంటే, 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన తెలంగాణ ఎస్సీ వర్గీకరణలో అత్యంత వెనుకబడిన 15 కులాలను గ్రూప్-1లో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. డక్కలి, కథలు పాడే బుడగ జంగం రెండూ అందులోనే ఉన్నాయి. కళల పట్టికలో ముందు వరుసలో ఉన్న పేర్లు చదువుల్లో, కొలువుల్లో ఎక్కడున్నాయో ఈ ఒక్క వాస్తవం చెబుతుంది. జవాబులో దీన్ని తప్పక రాయండి.

మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకు, 2024లో, హైదరాబాద్ శివార్లలో ఇళ్ల నిర్మాణం దగ్గర కూలి పని చేస్తూ ఆయన కనిపించిన వార్త అన్ని పత్రికల్లో వచ్చింది. పురస్కారం గౌరవం ఇస్తుంది గానీ నెలనెలా పొయ్యి వెలిగించదు. కళాకారుల సంక్షేమం మీద వ్యాసం అడిగితే గణాంకాల కోసం వెతుక్కునే ముందు ఈ ఒక్క మనిషి గురించి రాయండి.

ఇద్దరు మొగిలయ్యలు

బిట్లలో తరచూ తప్పు పోయే చోటు ఇది. కిన్నెర మొగిలయ్య వేరు, బలగం మొగిలయ్య వేరు. మొదటి ఆయన నాగర్‌కర్నూల్ జిల్లా డక్కలి కళాకారుడు, పద్మశ్రీ. రెండో ఆయన పస్తం మొగిలయ్య, వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగం కథా గాయకుడు. భార్య కొమురమ్మతో కలిసి ‘బలగం’ (2023) పతాక సన్నివేశంలో పాడి రాష్ట్రమంతటినీ ఏడిపించారు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు.

‘బలగం’కు వేణు యెల్దండి దర్శకుడు, సంగీతం భీమ్స్ సిసిరోలియో. ఇదే సినిమాలో ‘ఊరు పల్లెటూరు’ పాటను మంగ్లీ, రామ్ మిరియాల పాడారు. ఆ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచయిత అవార్డు దక్కింది. చౌరస్తా గొంతు మళ్లీ ఇక్కడ కూడా ఉందని గమనించారా? ఒకే గాయకుడు ఒక సినిమాలో కిన్నెర మొగిలయ్యతో, ఇంకో సినిమాలో బలగం మొగిలయ్యతో పక్కపక్కన నిలిచాడు.

మిగతా తీగలు

కిన్నెర ఒక్కటే అనుకోకండి. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప బుర్రవీణ వాయిద్యకారుడు. 2024లో పద్మశ్రీ అందుకున్నారు. వెదురు, సొరకాయ బుర్ర, లోహపు తీగలతో చేసిన వాయిద్యమది. బైండ్లవాళ్లు రేణుక ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాడే జమిడికలో తోలు, తీగ రెండూ ఉంటాయి. తీగను బిగించి వదులు చేస్తూ మీటితే ధ్వని సాగుతూ మాట్లాడుతున్నట్టు వస్తుంది. గిటారిస్టు తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచే పద్ధతి విన్నవాళ్లకు జమిడిక కొత్తగా అనిపించదు. ఆదిలాబాద్ గోండుల దగ్గర ప్రధానులు, తోటీలు కిక్రీ వాయిస్తారు. ఇది మీటేది కాదు, కమానుతో వాయించేది. తోటీలు తెలంగాణలోని ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాల్లో ఒకరు. మిగతావి చెంచు, కోలం, కొండరెడ్డి.

పద్మ పురస్కారాల వరుస కూడా ఇక్కడే చూసుకోండి. గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజుకు 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ. కనకరాజు, రామచంద్రయ్య ఇద్దరూ 2024లోనే మరణించారు.

కోస్తా నుంచి ఒక పేరు ఇక్కడ కలిపేసే ప్రమాదం ఉంది. మాండొలిన్ శ్రీనివాస్ (1969-2014) పాలకొల్లువాడు, 1998లో పద్మశ్రీ. ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంతో ప్రపంచమంతా వాయించాడు. ఆయన వాయించింది కర్ణాటక సంగీతం. వాయిద్యానికి కరెంటు ఉన్నంత మాత్రాన అది రాక్ కాదు, వాయించింది పల్లెలో పుట్టినవాడైనంత మాత్రాన అది జానపదం కాదు.

లయ ఎక్కడిది?

గిటారుతో తెలుగు పాట కట్టేవాళ్లు జానపదం నుంచి అన్నిటికంటే ఎక్కువ తీసుకున్నది తీగను కాదు, దెబ్బను. అది డప్పుది. గుండ్రని చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి శ్రుతి చేస్తారు. కుడి చేతిలో పొట్టి చిర్ర, ఎడమ చేతిలో సన్నని సిటికెన పుల్ల. చిర్ర బరువైన దెబ్బ వేస్తుంటే పుల్ల మధ్య ఖాళీలను నింపుతుంది. డ్రమ్ సెట్‌లో పెద్ద డ్రమ్ముకూ చిన్న డ్రమ్ముకూ మధ్య నడిచే సంభాషణను డప్పు కళాకారుడు రెండు చేతులతో ఒకే తోలు మీద నడుపుతాడు. చావుకు ఒక దెబ్బ, పెళ్లికి ఒకటి, జాతరకు ఒకటి, దండోరాకు ఒకటి. ఊళ్లో పెద్దవాళ్లు ఇంట్లో కూర్చునే బయట ఏం జరుగుతోందో చెప్పగలిగేవారు.

తీన్‌మార్ సంగతి వేరు. పేరే ఉర్దూది, మూడు దెబ్బలని. హైదరాబాద్ పాతబస్తీలో మర్ఫా మేళం వినిపిస్తుంది. నిజాం సైన్యంలోకి హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికన్ సిద్దీలు వచ్చినప్పుడు వాళ్ల వాయిద్యాలూ వెంట వచ్చాయి. బార్కస్, ఏసీ గార్డ్స్ అనే పేట పేర్లు ఆ చరిత్రను ఇప్పటికీ మోస్తున్నాయి. బోనాలు, వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో మోగే తీన్‌మార్‌లో ఊరి డప్పు, పాతబస్తీ మర్ఫా రెండూ కలిసిపోయాయి. ‘డీజే టిల్లు’ (2022) టైటిల్ పాటను కట్టి పాడింది రామ్ మిరియాలే. ఆ ఊపు ఈ వీధుల నుంచి వచ్చిందే. కాబట్టి ‘జానపదం అంటే పల్లె’ అని జవాబు మొదలుపెట్టకండి. చిక్కడపల్లి గల్లీలో నిమజ్జనం రోజు మోగేదీ జానపదమే.

చౌరస్తా వాళ్లు రెగేను తెచ్చుకున్నారు. 1960ల చివర్లో జమైకాలో పుట్టిన సంగీతం అది. అక్కడి మెంటో జానపదం, ఆఫ్రికన్ బానిసల వారసుల డోలు వాయిద్యం దాని పునాది. రెగేలో గిటారు మనం ఎదురుచూసే దెబ్బ మీద కాక, దాన్ని దాటాక పడుతుంది. పాడేవాడి మాట సాగడానికి అక్కడ చోటు దొరుకుతుంది. ఊరు, వలస, బతుకు బరువు గురించి మాట్లాడుతున్నట్టు పాడే తెలుగు పాటకు ఆ చోటు బాగా కుదిరింది. రెగే విదేశీ, మాట స్వదేశీ అని గీత గీయడం కంటే, రెండు శ్రామికుల సంగీతాలు కలుసుకున్నాయని రాయడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

‘నాటు నాటు’ ప్రస్తావన లేకుండా ఈ విభాగం పూర్తి కాదు. కీరవాణి సంగీతం, చంద్రబోస్ సాహిత్యం, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గానం. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో 95వ ఆస్కార్. దాని ఊపు మన ఊరి చిందుల్లో వినిపించే ఆరు మాత్రల నడకది.

సుల్తాన్ బజార్ నుంచి: పట్టుకున్నవాళ్లు

అమెరికాలో లోమాక్స్‌ల లాగా, ఇంగ్లండ్, స్కాట్లండ్ గాథలు 305 సంకలనం చేసిన ఫ్రాన్సిస్ చైల్డ్ లాగా, మన పాటలను పట్టుకున్నవాళ్లు ఎవరు? 1874లో జె.ఎ. బాయిల్ ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు. అందులో సర్వాయి పాపడి గాథ ఉంది. కల్లుగీత కుటుంబంలో పుట్టి, 1708లో వరంగల్ కోటను కొల్లగొట్టి, 1710లో మొఘల్ అధికారుల చేతిలో మరణించిన సర్వాయి పాపన్న ఈయనే. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో వెలువడిన దక్కన్ సామాజిక చరిత్ర గ్రంథంలో పాపడికి ఒక అధ్యాయమే కేటాయించి, మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతను, జనం పాడుకున్న గాథను పక్కపక్కన పెట్టి చదివాడు. ఖాఫీ ఖాన్‌కు దొంగగా కనిపించినవాడు పాటలో వీరుడు.

కిన్నెర మీద పాడే పండుగల సాయన్న గాథదీ ఇదే తీరు. పాలమూరు ప్రాంతంలో ఉన్నవాళ్ల దగ్గర దోచి లేనివాళ్లకు పంచిన వీరుడిగా సాయన్న పాటలో బతికి ఉన్నాడు. అమెరికా జానపదంలో జెస్సీ జేమ్స్, ఇంగ్లండ్‌లో రాబిన్ హుడ్ గాథలు వీటి సరసన నిలబడతాయి. రాజుల చరిత్ర శాసనాల్లో ఉంటే, తిరగబడినవాళ్ల చరిత్ర తీగ మీద ఉంది. తెలంగాణ చరిత్ర పేపర్‌కు కూడా ఈ ఉదాహరణ పనికొస్తుంది.

సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబర్ 1న పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయోద్యమానికి తొలి మెట్టు. రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనక ఉన్నవారు. ఊళ్లో నోటి మీద ఉన్న తెలుగుకు నగరంలో అచ్చు పుస్తకం, చదివే గది దొరికిన చోటు అది. ఆ తరువాతి తరంలో ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి ఆ విశ్వవిద్యాలయంలో తెలుగులో తొలి పీహెచ్‌డీ అందుకున్నారు. ఊరి పాటను విశ్వవిద్యాలయపు చర్చలోకి తీసుకొచ్చిన ఘనత ఆయనది. వింజమూరి అనసూయ, సీత అక్కాచెల్లెళ్లు జానపదాన్ని రేడియోకూ వేదికకూ తెచ్చారు. ‘మా భూమి’ సినిమాకు సంగీతం ఇచ్చింది సీతాదేవే. ఆ సినిమాలో గద్దర్ పాడిన పాట సాయుధ పోరాట కాలపు బండి యాదగిరిది. మన కాలంలో జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి, మూలన పడిన ఆదివాసీ, జానపద వాయిద్యాలను పోగు చేశారు. కిన్నెర గురించి చదువుకున్నవాళ్లు మళ్లీ మాట్లాడుకోవడంలో ఆయన శ్రమ పాలు పెద్దది.

అశోక్‌నగర్‌లో చదువుకునేవాళ్లకు నా సూచన ఒకటే. పక్కనున్న సిటీ సెంట్రల్ లైబ్రరీలో రామరాజు గారి పుస్తకం అడిగి తీసుకుని ఒక పూట చదవండి. మొగిలయ్య కిన్నెర, కొండప్ప బుర్రవీణ, జమిడిక ఇయర్‌ఫోన్స్‌లో ఒకదాని తర్వాత ఒకటి వినండి. విన్నవాడి జవాబు పట్టిక బట్టీ పట్టినవాడి జవాబులా ఉండదు.

పేరు, హక్కు

పేజ్ సంగతికి తిరిగి వద్దాం. లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బంలోనే ఉన్న ‘బేబ్ ఐ యామ్ గొన్నా లీవ్ యూ’ పాటను ‘సంప్రదాయ గీతం’ అని వేశారు. నిజానికి దాన్ని 1950ల చివర్లో ఆన్ బ్రెడన్ అనే ఆమె రాసింది. 1990 నుంచి గానీ ఆమె పేరు చేరలేదు. ఆ బ్యాండ్ మరో పాట మీద బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కితే 1987లో రాజీ కుదిరింది. ‘సంప్రదాయం’ అన్న ముద్ర ఒక్కోసారి బతికి ఉన్న మనిషి పేరునే కప్పేస్తుంది.

మన దగ్గర 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాటతో ఇదే చర్చ వచ్చింది. పల్లవి జనం నోట ఉన్నదే, చరణాలు సుద్దాల అశోక్‌తేజ రాసినవి, పాడింది మంగ్లీ. అంతకుముందే ఒక టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడిన జానపద గాయని తనకు గుర్తింపు దక్కలేదని అడిగింది. అలా అడగడం న్యాయమే. పల్లవి అందరిదీ కావచ్చు. దాన్ని వెతికి పట్టి పాడి బతికించిన శ్రమ మాత్రం ఒక మనిషిది.

చట్టం ఏం చెబుతుంది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కర్త తెలియని పాత జానపద గీతం ఎవరి సొత్తూ కాదు. దాని ఆధారంగా చేసిన కొత్త రచనకు, కొత్త సంగీత కూర్పుకు హక్కు ఉంటుంది. పాడిన, వాయించిన కళాకారుడికి సెక్షన్ 38 కింద ప్రదర్శకుల హక్కు ఉంది, దాని కాలం 50 ఏళ్లు. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 38బి ఆ ప్రదర్శకుడి పేరు చెప్పించుకునే హక్కునూ ఇచ్చింది. అంటే పాట మీద హక్కు లేకపోయినా, ఆ గొంతు మీద, ఆ తీగ మీద హక్కు ఉంది. అంతర్జాతీయంగా 1996 నాటి ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ప్రదర్శనలు, ఫోనోగ్రాముల ఒప్పందం జానపద వ్యక్తీకరణలను ప్రదర్శించేవారిని కూడా ప్రదర్శకులుగా లెక్కించింది. భారత్ అందులో 2018లో చేరింది. యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ ఒడంబడిక 2003 నాటిది, భారత్ ఆమోదించింది 2005లో.

భౌగోళిక సూచిక పాటకు రాదు, వస్తువుకు వస్తుంది. బొబ్బిలి వీణకు వచ్చింది అందుకే. 2024 మే నెలలో కుదిరిన ప్రపంచ మేధో సంపత్తి ఒప్పందం జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానానికి సంబంధించినది. జానపద పాటలు దాని పరిధిలోకి రావు. ఈ హక్కులు, ఒప్పందాలను కలగాపులగం చేసే ఐచ్ఛికాలు ప్రిలిమ్స్‌లో కనిపించే అవకాశం ఎక్కువ.

సాధన ప్రశ్నలు

1. కింది వాటిలో మీటి కాక, కమానుతో వాయించే తీగ వాయిద్యం ఏది? కిన్నెర, బుర్రవీణ, జమిడిక, కిక్రీ. (జవాబు: కిక్రీ)

2. దాసరి కొండప్ప, గడ్డం సమ్మయ్య, సకిని రామచంద్రయ్య, గుస్సాడీ కనకరాజు: వీరిలో 2024లో పద్మశ్రీ పొందినవారెవరు? (జవాబు: మొదటి ఇద్దరు)

3. ‘ఆధునిక బ్యాండ్ సంగీతం జానపదానికి రుణపడి ఉంది.’ తెలంగాణ ఉదాహరణలతో చర్చించండి. (సూచన: ‘భీమ్లా నాయక్’ పాటతో మొదలుపెట్టండి. వాయిద్యానికి కిన్నెర, లయకు డప్పు, మర్ఫా, గాథకు సాయన్న, పాపన్న. ఒక్కో అంశానికి ఒక్కో మనిషి పేరు, ఊరు రాయండి. మిసిసిపీ పోలికను రెండు వాక్యాలకు మించనివ్వకండి.)

4. ‘జానపద గీతానికి కర్త లేడు కాబట్టి దాన్ని పాడినవారికి హక్కు లేదు.’ విమర్శనాత్మకంగా పరిశీలించండి. (సూచన: రచన మీద హక్కు, ప్రదర్శన మీద హక్కు వేరని సెక్షన్ 38, 38బి లతో చూపండి. పద్మశ్రీ తర్వాత కూడా కూలికి వెళ్లాల్సి వచ్చిన కళాకారుడి ఉదాహరణతో, చట్టంలో ఉన్న హక్కు పాటకు వచ్చే రాబడిలో వాటాగా మారడానికి ఒప్పంద పత్రం, రాయల్టీ సంఘంలో సభ్యత్వం ఎందుకు కావాలో రాయండి.)